అమ్మా, రైతు ఎక్కడ?

(వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను తొమ్మిదో తరగతి చదువుతున్న ఏడాది కార్తీక మాసంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు వదలని ముసురు. కోసి పనల మీద ఉన్న వరి నీళ్లలో తేలింది. నాలుగో రోజు కాస్త తెరిపి ఇవ్వగానే అమ్మ, పిన్ని, నేను పొలానికి వెళ్లి తడిసిన పనలను గట్ల మీదికి చేర్చడం మొదలుపెట్టాం. కంకులకు అప్పటికే మొలకలు వచ్చాయి. నాన్న ఆ ఏడాది పట్నంలో తాపీ పనిలో ఉన్నారు.

మధ్యాహ్నం వేళ పంట నష్టం రాసుకోవడానికి ఒక ఉద్యోగి వచ్చారు. గట్టు మీద నిలబడి, మోకాళ్ల దాకా బురదలో ఉన్న మా అమ్మను అడిగారు: "అమ్మా, రైతు ఎక్కడ?"

అమ్మ ఒకసారి చుట్టూ చూసింది. "ఊళ్లో లేరండీ" అంది.

ఆయన ఏదో రాసుకుని పక్క మడికి వెళ్లిపోయారు. తరువాత పంచాయతీ గోడకు అంటించిన జాబితాలో మా పేరు లేదు. ఆ ఉద్యోగి మీద నాకు కోపం లేదు. ఆయన చేతిలోని కాగితం ఏం అడగమందో అదే అడిగారు. నన్ను ఇన్నేళ్లూ వదలనిది అమ్మ జవాబు. నారు పోసింది ఆమె. నాటింది, కలుపు తీసింది, కోసింది ఆమె. అయినా రైతు ఎక్కడని అడిగితే ఆ మాట ఇంకెవరి గురించో అనుకుని చుట్టూ చూసింది.

మీలో చాలామంది ఇంకో ఏడాదికి అలాంటి కాగితం పట్టుకుని ఏదో ఒక గట్టు మీద నిలబడతారు. నేను ఈ రోజు వచ్చింది అందుకే.

వాతావరణ మార్పు ఊరికి వానగానో, వాన లేకపోవడంగానో, వడగాలిగానో వస్తుంది. దాన్ని ఎదుర్కోవడానికి ప్రభుత్వం చేసే సాయం మాత్రం కాగితంగా వస్తుంది. నష్టపరిహారం జాబితా ఒక కాగితం. పంట బీమా, బ్యాంకు రుణం, రాయితీ విత్తనం, నీటి సంఘం ఓటర్ల జాబితా, అన్నీ కాగితాలే. వాటి మీద రాసే పేరు చాలావరకు పట్టాదారు పాసు పుస్తకం నుంచి వస్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశం మొత్తం మీద సాగు కమతాల్లో మహిళల చేతిలో ఉన్నవి నూటికి దాదాపు 14. విస్తీర్ణంలో చూస్తే 12 శాతం కూడా లేదు. మన రెండు రాష్ట్రాల్లో పరిస్థితి దేశ సగటు కంటే మెరుగే. కానీ నాట్లప్పుడు మడిలోకి, పత్తి తీతప్పుడు చేలోకి ఒకసారి వెళ్లి, వంగిన నడుములు ఎవరివో లెక్కపెట్టండి. ఆ లెక్కకూ ఈ లెక్కకూ పొంతన ఉండదు.

చట్టం లేక ఇలా జరుగుతోందనుకోకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ సవరణ రావడానికి 2005 దాకా పట్టింది. దేశం కంటే ముందు నడిచిన నేల మనది. అయినా ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పసుపు కుంకుమల కింద ఆడపిల్లకు ఎకరమో అరెకరమో రాస్తారు. దాన్ని అన్నదమ్ములో భర్తో సాగు చేస్తారు, లేదా పెళ్లి ఖర్చులకే అమ్మేస్తారు. వాటా అడిగిన ఆడపిల్లకు పుట్టింటి గడప దూరమవుతుంది. ఆ భయంతోనే చాలామంది సంతకం పెట్టి వదులుకుంటారు.

ఇక సొంత భూమి లేక కౌలుకు చేసే మహిళలున్నారు. నోటిమాట మీద నడిచే కౌలుకు కాగితమే ఉండదు. తుపాను వస్తే పంట పోయేది ఆమెది, పరిహారం వెళ్లేది భూమి యజమాని ఖాతాలోకి. అప్పుల బాధలో భర్త ప్రాణం తీసుకున్న ఇళ్లలో ఇది ఇంకా ఘోరం. సాగు ఆమె మీద పడుతుంది, అప్పు ఆమె మీద పడుతుంది, పాసు పుస్తకం మాత్రం పోయిన మనిషి పేరు మీదో మామగారి పేరు మీదో ఉండిపోతుంది. ఆ పేరు మారేలోపు రెండు మూడు పంట కాలాలు గడిచిపోతాయి. ఆ మధ్యలో వచ్చిన కరువుకు ఆమెకు దక్కేదేమీ ఉండదు.

నీటి సంగతికి వస్తాను. 1997లో మన దగ్గర సాగునీటి వ్యవస్థల యాజమాన్యాన్ని రైతులకే అప్పగిస్తూ చట్టం వచ్చింది. దేశం మొత్తం మెచ్చుకున్న చట్టం. నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి, ఎన్నికలు జరిగాయి. అయితే అందులో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నట్లు రికార్డుల్లో నమోదైన వారికి. రికార్డులో పేరు లేని మహిళకు, ఆమె పది మడులు తడిపినా సరే, కాలువ మీద మాట లేదు. ఇది కేవలం గౌరవానికి సంబంధించిన విషయం అనిపించవచ్చు. కాలువకు నీరు తగ్గినప్పుడు వంతులు వేస్తారు కదా, అప్పుడు ఏం జరుగుతుందో చూడండి. చివరి భూములకు వంతు చాలాసార్లు అర్ధరాత్రి పడుతుంది. మగవాళ్లు టార్చిలైటు పట్టుకుని వెళ్తారు. భర్త వలస వెళ్లిన ఇంటి ఆడమనిషి రెండు కిలోమీటర్లు చీకట్లో గట్ల వెంట ఒంటరిగా వెళ్లి తూము దగ్గర పట్టుబట్టగలదా? ఎవరినో బతిమాలుకుంటుంది, లేదా కూలి ఇచ్చి పంపుతుంది, లేదా ఆ వంతు వదులుకుంటుంది. వంతులు రాసే చోట అలాంటి ఇల్లాలు ఒక్కరున్నా "మాకు పగటి వంతు వేయండి" అని అడిగేవారు. కరువు ఏడాదిలో ఒక తడి ఎంత విలువైనదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అడవుల విషయంలో కొంత మేలు జరిగింది. 1990లలో వన సంరక్షణ సమితులు పెట్టినప్పుడు, ఇంటికి ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు మహిళ అని నిబంధన పెట్టారు. పట్టా ఉందా లేదా అని అడగలేదు. ఒకే ప్రభుత్వం, దాదాపు ఒకే కాలం, రెండు రకాల కాగితాలు. కాగితంలో పేరు రాసే గడి మార్చగానే మనిషి కనిపించింది. పేరు చేరినంత మాత్రాన మాట చెల్లిందని మాత్రం కాదు. సమితి సమావేశాల్లో వెనక చాపల మీద కూర్చుని సంతకాలు పెట్టి వచ్చిన మహిళలను నేను చూశాను. అడవిని కొన్నేళ్లు పూర్తిగా మూసేద్దామని తీర్మానం చేయడం తేలిక. పొయ్యిలో పెట్టేది లేక ఇంకో కొండ దాటి వెళ్లాల్సింది తీర్మానం చేసిన వారు కాదు. చాటుగా ఒక మోపు తెచ్చుకున్న ఆడమనిషికి దొంగ అని పేరు పెట్టేదీ ఆ సమితే. ఎండుపుల్లలకు వారానికి రెండు రోజులు తెరవండి, పచ్చి చెట్టు మీద గొడ్డలి పడకుండా మేమే కాపలా కాస్తాం అని చెప్పగలిగే వారిని సమావేశంలో వెనక కూర్చోబెడితే అడవికే నష్టం.

ఇప్పుడు ప్రాణాల సంగతి చెప్పాలి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రోజు ఈ నేల మీద పుట్టిన ఎవరూ మరచిపోలేనిది. వేల ప్రాణాలు పోయాయి. అప్పట్లో హెచ్చరిక ఊరి దాకా చేరడమే కష్టం. కానీ హెచ్చరిక చేరినా అది ఎవరి చెవిన పడుతుందన్నది ఇంకో ప్రశ్న. దానికి జవాబు బంగ్లాదేశ్‌లో దొరుకుతుంది. 1991 ఏప్రిల్ 29 రాత్రి అక్కడి చిట్టగాంగ్ తీరాన్ని తుపాను తాకింది. సుమారు 1,40,000 మంది చనిపోయారు. ఆ తరువాత లెక్క తీస్తే, 20 నుంచి 44 ఏళ్ల మధ్య వయసు వారిలో ప్రతి వెయ్యి మంది మగవారికి 15 మంది, ప్రతి వెయ్యి మంది ఆడవారికి 71 మంది పోయినట్లు తేలింది. అదే గాలి, అదే నీరు. వయసులో ఉన్న ఆడవాళ్లు దాదాపు ఐదు రెట్లు ఎక్కువగా ఎందుకు పోయారు?

కారణాలు వింటే గుండె బరువెక్కుతుంది. హెచ్చరిక బజారులో, టీ దుకాణాల దగ్గర మగవాళ్లు విన్నారు. ఇంట్లో ఉన్న ఆడవాళ్లకు ఆలస్యంగా చేరింది. చేరినా ఇంటాయన వచ్చేదాకా గడప దాటలేదు. పరాయి మగవాళ్ల మధ్య రాత్రంతా ఉండాల్సిన ఆశ్రయ కేంద్రానికి వెళ్లడానికి వెనకాడారు. ఒంటికి చుట్టుకున్న చీర తడిసి కాళ్లకు అడ్డం పడింది. చంకలో ఒక బిడ్డ, చేతిలో ఒక బిడ్డ. ఈతగానీ చెట్టెక్కడంగానీ వారికి చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు.

మనకు ఇంకా దగ్గరగా చూద్దాం. 2004 సునామీలో తమిళనాడులోని కడలూరు జిల్లాలో చనిపోయిన మహిళలు 391 మంది, పురుషులు 146 మంది అని తరువాత వచ్చిన నివేదిక చెప్పింది. అది ఆదివారం ఉదయం. మగవాళ్లు చాలామంది పడవల మీద లోతు సముద్రంలో ఉన్నారు. అక్కడ సునామీ అల పడవను ఎత్తి దించి వెళ్లిపోతుంది, దాని బలమంతా ఒడ్డు మీద తేలుతుంది. ఆడవాళ్లు ఒడ్డున ఉన్నారు, పడవలు వస్తే చేపలు దించుకుని వేలానికి పట్టుకెళ్లడానికి. ప్రాణం తీసింది సముద్రమే. ఎవరు ఎక్కడ నిలబడి ఉండాలో మాత్రం ఊరి పని విభజన ముందే రాసి పెట్టింది. మన కాకినాడ, మచిలీపట్నం తీరాల్లోనూ పని అలాగే పంచుకున్నారు కదా.

బంగ్లాదేశ్ ఆ చావుల నుంచి నేర్చుకుంది. అందుకే వారిని ఇంతగా తలుచుకుంటున్నాను. అక్కడ తుపాను సన్నద్ధత కార్యక్రమం 1970ల నుంచీ ఉంది. అందులో వలంటీర్లు చాలాకాలం దాదాపు మగవాళ్లే. ఇప్పుడు వారిలో సుమారు సగం మంది మహిళలు. మహిళా వలంటీరు పెరట్లోకి, వంటింటి గుమ్మం దాకా వెళ్తుంది. నిండు గర్భిణి ఎవరో, బాలింత ఎవరో, మంచాన పడ్డ అత్తగారు ఏ ఇంట్లో ఉన్నారో ఆమెకు తెలుసు. ఆశ్రయ కేంద్రాల్లో మహిళలకు వేరే గదులు, మరుగుదొడ్లు కట్టారు, పశువులను కూడా తోలుకురావడానికి చాలాచోట్ల వీలు కల్పించారు. గేదెను వదిలి రాలేక ఆగిపోయిన ఇల్లాలి బాధ ఎవరో విన్నారన్నమాట. తుపాను చావులు అక్కడ అప్పటితో పోలిస్తే ఎన్నో రెట్లు తగ్గాయి. ఉపగ్రహాలు, కాంక్రీటు కేంద్రాలు, రోడ్లు అన్నిటికీ అందులో పాత్ర ఉంది. ఆ గుమ్మం దాకా వెళ్లిన మనిషి పాత్రను తీసివేసి మాత్రం ఆ లెక్క చెప్పలేం.

ఎండ గురించి తక్కువ మాట్లాడుకుంటాం, ఎందుకంటే ఎండకు గోడలు కూలవు. 2015 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లో వడగాలులకు సుమారు 2,000 మంది చనిపోయారు. ఉపాధి హామీ పనుల్లో మన దగ్గర సగానికి పైగా మహిళలే, ఆ పని ముమ్మరంగా సాగేదీ వేసవిలోనే. పని చోట నీళ్లు పెట్టాలి, నీడకు టెంటు వేయాలి అని నిబంధనల్లో ఉంది. ఆడవాళ్లు పెట్టిన నీళ్లు కూడా తక్కువ తాగుతారు. ఎందుకో మీలో అమ్మాయిలకు వెంటనే తెలిసిపోతుంది, అబ్బాయిలకు చెప్పాలి. తాగితే వెళ్లడానికి చాటు లేదు. మైదానంలో, చెరువు పూడిక తీసే చోట, చుట్టూ మగవాళ్లున్నప్పుడు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా గొంతు ఎండబెట్టుకుంటారు. వడదెబ్బ నివారణకు ఎన్ని మజ్జిగ ప్యాకెట్లు పంచినా, నాలుగు గుంజలు పాతి గోనెపట్టా కట్టిన మరుగు చోటు లేకపోతే ఆ మజ్జిగ ఆమె గొంతు దిగదు.

ఇంతసేపూ నష్టాలే చెప్పాను. ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన చోటికి తీసుకెళ్తాను. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతం. అక్కడ 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఊరూరా మహిళా సంఘాలను కూడగట్టింది. ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న కమతాల వారు, ఒకప్పుడు కూలి తప్ప వేరే దారి లేనివారు. ఎవరూ పట్టించుకోని బీడు చెలకలను బాగు చేసుకుని, జొన్న, కొర్ర, సామ, సజ్జ, తైదలు వేశారు. ఒక్క ఎకరంలో కంది, అనుములు, బొబ్బర్లు, పెసర, నువ్వులు, పుంటికూర అన్నీ కలిపి వేస్తారు. వాన ముందు పడితే కొన్ని పండుతాయి, ఆలస్యమైతే ఇంకొన్ని. మొత్తం పోయే ఏడాది అరుదు. వాతావరణాన్ని తట్టుకునే సాగు అని మీ పాఠ్య పుస్తకాల్లో ఇప్పుడు ఉన్నది వారు చేలో చేసి చూపించారు.

అక్కడి మహిళలు యాసంగిలో నల్లరేగడిలో వేసే పంటలను సత్యం పంటలు అంటారు. వాన లేదు, బోరు లేదు, నేలలో దాగిన తేమతో, తెల్లవారుజామున కురిసే మంచుతో పండుతాయి. అది సత్యం వల్ల పండుతుందని వారి నమ్మకం. తెల్ల జొన్న, శనగ, కుసుమ, అవిసె. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

విత్తనం వారి దగ్గరే ఉంటుంది. చేను కోతకు రాకముందే చుట్టూ తిరిగి బలమైన కంకులను ఎంచి పక్కన పెడతారు. ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, పేడ, ఎర్రమట్టితో అలికిన బుట్టల్లో దాస్తారు. పక్కింటివారికి విత్తనం కావాలంటే అమ్మరు. కొలిచి ఇస్తారు, పంట వచ్చాక అంతకు మించి కొలిచి తిరిగి తీసుకుంటారు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను ఊరేగించి పాత పంటల జాతర చేస్తారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో పెట్టుకుని, తమ సాగు ముచ్చట్లు తమ మాటల్లోనే చెప్పుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వారికి దక్కింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఇలాంటి కథలు విని చాలామంది "స్త్రీ ప్రకృతి స్వరూపం, అందుకే ఆమెకు నేల భాష తెలుసు" అంటూ చేతులు జోడిస్తారు. నాకు ఆ పొగడ్త నచ్చదు. ఆ మహిళలకు విత్తనం తెలిసింది నలభై ఏళ్లు చేతులతో ఆ పని చేసినందుకు. నలభై ఏళ్లు చేస్తే మగవాడికీ తెలుస్తుంది. పొగిడి, ఆ పొగడ్త చాటున ఇంకో పని నెత్తిన పెట్టడం నేను చూస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో రసాయనాలు వాడని ప్రకృతి వ్యవసాయం పొదుపు సంఘాల బలం మీద లక్షల మంది రైతులకు చేరింది. 2024లో దానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ సంస్థ ఇచ్చే అంతర్జాతీయ బహుమతి వచ్చింది, ఆనందించాల్సిన విషయం. కానీ పేడ ఎత్తేది, మూత్రం పట్టేది, వాటితో చేసే ద్రవజీవామృతం అనే ఎరువును రోజూ కలియబెట్టేది ఎవరు? నవధాన్యాల విత్తనాలకు మట్టి పూత పట్టించేది ఎవరు? ఆ పంట అమ్మిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? మీరు ఆ కార్యక్రమాల్లో పనిచేసేటప్పుడు ఎన్ని ఎకరాలు చేరాయో రాసే పుస్తకంలోనే ఈ ప్రశ్నలకు జవాబులు కూడా రాయండి. పని పెరిగి, రాబడి ఆమె చేతికి అందకపోతే నేల బాగుపడవచ్చు, ఆమె నడుము విరుగుతుంది.

ప్రపంచ వేదికల గురించి ఒక్క మాటలో ముగిస్తాను. 1992లో రియోలో దేశాలు సంతకాలు పెట్టిన వాతావరణ ఒప్పందం పాఠంలో స్త్రీల ప్రస్తావనే లేదు. 2015 పారిస్ ఒప్పందం పీఠికలోకి స్త్రీ పురుష సమానత్వం అన్న మాట వచ్చింది. 23 ఏళ్లు. అక్కడ అంతకాలం పట్టింది కాబట్టి మన మండలంలో కూడా పట్టాలనేమీ లేదు. పట్టా విషయంలోనే చూడండి, 2014లో తెలంగాణ దళిత కుటుంబాలకు భూమి ఇచ్చే పథకం పెట్టినప్పుడు మహిళ పేరునే రిజిస్టర్ చేయాలని నిర్ణయించింది. భూమి అందినవారు కోరుకున్నంత మంది కాకపోవచ్చు. అందిన ఇంట్లో మాత్రం పాసు పుస్తకం మీద ఆమె ఫోటో ఉంది.

మీరు చేయగలిగింది చెబుతాను. చట్టాలు మీ చేతిలో లేవు, గట్టు మీద అడిగే ప్రశ్న మీ చేతిలో ఉంది. "రైతు ఎక్కడ" అని అడగకండి. "ఈ పంట ఎవరు వేశారమ్మా, ఏం విత్తనం, ఎప్పుడు నాటారు" అని అడగండి. జవాబు చెప్పగలిగిన మనిషే సాగుదారు. పట్టాదారు గడి పక్కన సాగుదారు గడి ఉంటే దాన్ని ఖాళీగా వదలకండి, పట్టాదారు పేరునే మళ్లీ రాసి నింపకండి. కౌలుకైతే కౌలని రాయండి. ఊళ్లో రైతు సమావేశం పెడితే ఉదయం పదికి రచ్చబండ దగ్గర పెట్టకండి, ఆ వేళ ఆడవాళ్లు చేలో ఉంటారు, ఆ చోటికి వారు రారు. రాత్రి వంటలయ్యాక బడి వరండాలో పెట్టండి, పిల్లలను తీసుకుని వస్తారు. మొదటి సమావేశంలో ఎవరూ నోరు విప్పరు. రెండోసారి కూడా పెట్టండి. మూడోసారి ఎవరో ఒకామె తడి వంతు గురించి అడుగుతుంది.

మా అమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి. నాన్న పోయాక భూమి ఆమె పేరుకు మార్చడానికి నేనూ తమ్ముడూ ఏడాదిన్నర తిరిగాం. ఆ పుస్తకం ఆమె ట్రంకు పెట్టెలో, బీర గింజలు మూట కట్టిన గుడ్డ పక్కన ఉంటుంది. ఇప్పుడు పొలం కౌలుకు ఇచ్చింది, చేసుకుంటున్నది మా వీధిలోని ఇద్దరు అక్కచెల్లెళ్లు. మొన్నటి వానలకు నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు అమ్మను పిలిపించారట, పట్టాదారు కదా అని. అమ్మ వెళ్లి, "సాగు వాళ్లది, వాళ్ల పేర్లు రాసుకోండి" అని చెప్పి వచ్చేసింది. రాశారో లేదో వచ్చే వారం ఊరికి వెళ్లినప్పుడు జాబితా చూడాలి.

ఇక మీరు అడగండి. వెనక వరుసలో ఎవరో అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తి దించుతోంది, మైకు అటు ఇవ్వండి.